ముఖానికి కరెంటు పెట్టుకొనే ముందు

(కర్నూలులోని ఒక మహిళా కళాశాలలో విద్యార్థినుల కోసం, వారి తల్లుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభలో ఉన్న తల్లులకు, అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం. నేను చర్మవ్యాధుల వైద్యురాలిని కాను, అందాన్ని తీర్చిదిద్దే వృత్తిలోనూ లేను. నడుము నొప్పితోనో, మెడ పట్టేసో, పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయో వచ్చేవారికి కరెంటు పెట్టి, వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టును. ముఖ సౌందర్యం గురించి మాట్లాడడానికి నన్నెందుకు పిలిచారన్న అనుమానం మీకు రావడం సహజం. ముఖం మీది చర్మం బిగుస్తుందని చెప్పి అమ్మగా ఇంట్లో వాడుకొనే మైక్రోకరెంట్ పరికరాలలో ఉన్నది కూడా కరెంటే గనక, రోజూ కరెంటుతో పనిచేసేవాళ్లు స్విచ్ వేసే ముందు ఏమేమి చూసుకొంటారో, అవి ఇంట్లో ఎందుకు చూడకుండా పోతున్నాయో చెబుదామని వచ్చాను.

ఆ పరికరాన్ని చూడనివారి కోసం రెండు మాటలు. అరచేతిలో పట్టేంత పిడి, దాని కొసన కొద్ది ఎడంగా రెండు లోహపు గుండ్లు ఉంటాయి. ముఖానికి జెల్ రాసుకొని, ఆ గుండ్లను గడ్డం నుంచి చెవి వైపుకు, కనుబొమ్మ నుంచి నుదుటి పైకి నెమ్మదిగా జరుపుతారు. ఒక గుండు నుంచి బయలుదేరిన కరెంటు చర్మం గుండా, దాని కింది పలుచని కండరాల గుండా రెండో గుండుకు చేరుతుంది. ఈ కరెంటు ఒక మిల్లీ ఆంపియరు కన్నా తక్కువ, అంటే 1000 మైక్రో ఆంపియర్ల లోపు. ఇళ్లలో వాడేవాటిలో సాధారణంగా కొన్ని వందల మైక్రో ఆంపియర్లు మాత్రమే. నొప్పికి మేము పెట్టే టెన్స్ మిషను పదుల మిల్లీ ఆంపియర్ల వరకు పోతుంది. కండరం ఎగిరిపడేలా చేసే ఇ.ఎం.ఎస్. కూడా మిల్లీ ఆంపియర్ల లెక్కదే. ఆన్‌లైన్ అంగళ్లలో ఈ మూడింటినీ ఒకే పేరుతో, ఒకే బొమ్మతో అమ్ముతున్నారు. కాబట్టి కొన్న వస్తువు ముఖం మీద పెట్టగానే పెదవి తనంతట తానే లాగినట్లయితే, అది మీరు అనుకొన్న మైక్రోకరెంట్ కాదని గ్రహించండి.

ఇంత చిన్న కరెంటుతో ఏమవుతుందన్న ప్రశ్నకు అమ్మేవాళ్లు చెప్పే జవాబుకు మూలం ఎలుకల చర్మం మీద జరిగిన ఒక ప్రయోగం. 1982లో చెంగ్ బృందం ప్రచురించిన ఆ అధ్యయనంలో, ఎలుక చర్మపు ముక్కలకు 50 నుంచి 1000 మైక్రో ఆంపియర్ల దాకా కరెంటు ఇచ్చినప్పుడు కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. గణనీయంగా పెరిగింది, కరెంటు ఇంకా పెంచుకొంటూ పోతే ఆ లాభం నిలిచిపోయి, తరువాత తగ్గింది. ప్రయోగం మంచిదే. అయితే శరీరం నుంచి వేరుచేసిన ఎలుక చర్మంలో ఏ.టి.పి. పెరగడానికీ, నలభై ఐదేళ్ల స్త్రీ దవడ కింద సడలిన చర్మం బిగియడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ప్రకటనలు ఒక్క అంగలో దాటేస్తాయి. వాడిన కొన్ని గంటల పాటు ముఖం కాస్త నిగారింపుగా కనిపిస్తుందని చాలామంది అంటారు, నేను కాదనను. మర్దన వల్లనే కొంత రక్తప్రసరణ పెరుగుతుంది, కొంత ఉబ్బు దిగుతుంది. ఆపేస్తే ఆ ఫలితం నిలవదని తయారీదారులే ఒప్పుకొంటారు, అందుకే వారానికి ఇన్ని రోజులు వాడుతూనే ఉండమని చెబుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, సరైన పరికరంతో, చెప్పిన పద్ధతిలో వాడితే ఈ కరెంటు వల్ల పెద్ద హాని జరిగే అవకాశం తక్కువ. నా ఆందోళన కరెంటు పరిమాణం గురించి కాదు. మా దగ్గరికి వచ్చిన మనిషికి ప్యాడ్లు అంటించే ముందు మేము అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: గుండెలో ఏమైనా అమర్చారా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కడుపుతో ఉన్నారా, ఆపరేషన్ జరిగి ప్లేట్లు, స్క్రూలు ఏమైనా ఉన్నాయా, క్యాన్సరుకు చికిత్స జరిగిందా, ఆ చోట చర్మానికి స్పర్శ తగ్గిందా. ఇవి అడగకుండా స్విచ్ మీద చెయ్యి వేయకూడదని చదువుకొనే రోజుల్లోనే మాకు నేర్పుతారు. ఇంటికి పార్సిలులో వచ్చిన పరికరం ఏ ప్రశ్నా అడగదు. లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాలతో ఇవన్నీ రాసే ఉంటాయి కానీ, ఆ కాగితం అట్టపెట్టెతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. పార్లర్లలోనూ ఇవి అడిగేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

గుండెతో మొదలుపెడతాను. పేస్‌మేకర్ గుండెలో పుట్టే సంకేతాలను ఎప్పటికప్పుడు వింటూ, గుండె తానే కొట్టుకొన్నప్పుడు ఊరుకొని, కొట్టుకోనప్పుడు తాను కొడుతుంది. అది వినే సంకేతాల బలం కొన్ని మిల్లీ వోల్టులు మాత్రమే. బయటి నుంచి శరీరంలోకి వచ్చిన కరెంటును అది గుండె చప్పుడే అని పొరబడితే, కొట్టవలసిన సమయంలో ఊరుకొనే ప్రమాదం ఉంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐ.సి.డి. అనే పరికరం ఉన్నవారిలో అయితే అదే పొరపాటు అనవసరమైన షాక్‌కు దారితీయవచ్చు. పరికరం ముఖం మీద కదా, గుండె ఎక్కడో కదా అని అడగవచ్చు. రెండు గుండ్లూ దగ్గర దగ్గరగా ఉన్న నమూనాలో కరెంటు చాలావరకు ఆ రెండింటి మధ్యనే ఉంటుందన్నది నిజమే. మరో రకం ఉంది: ముఖానికి తగిలేది ఒకటే లోహపు కొస, రెండోది పిడికే అతికించిన రేకు, దాన్ని తడిచేతితో పట్టుకోమంటారు. అందులో కరెంటు ముఖం నుంచి మెడ, భుజం, చెయ్యి మీదుగా తిరిగి పిడికి చేరుతుంది. ఈ తేడా పెట్టె మీద ఎక్కడా పెద్దక్షరాలలో ఉండదు. గుండెలో గానీ, మెదడులో గానీ, చెవిలో వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు రూపంలో గానీ ఎలక్ట్రానిక్ పరికరం ఉన్నవారు వీటిలో ఏ రకాన్నీ ముట్టుకోకపోవడమే మేలు. పుట్టినరోజు కానుకగా అమ్మకో అత్తకో దీన్ని కొనిచ్చే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొనేవాళ్లకు ఇరవై ఐదేళ్లుంటాయి, వాడేవాళ్లకు అరవై ఉంటాయి.

ఫిట్స్ ఉన్నవారికి తల దగ్గర కరెంటు వద్దని మా శాస్త్రం చెబుతుంది. గర్భిణుల విషయంలో హాని రుజువైందని కాదు, భద్రమని రుజువు చేసే పరీక్షలు లేవు గనక వద్దంటారు; ముఖం నిగారింపు కోసం ఆ తొమ్మిది నెలలు ఆగలేని అవసరమేమీ ఉండదు. క్యాన్సరుకు చికిత్సలో ఉన్నవారు తమ వైద్యుడిని అడగకుండా వాడరాదు. ముఖం మీద కురుపు, సెగ్గడ్డ, మానని గాయం, హెర్పిస్ పొక్కులు ఉన్నప్పుడు కూడా ఆగాలి. ఇక మన జిల్లాలో బైకు ప్రమాదాలలో దవడ ఎముక విరిగి, టైటానియం ప్లేటు వేయించుకొన్న యువకులు, యువతులు ఎందరో ఉన్నారు. ప్లేటు లోపలే ఉండిపోతుంది గనక కొన్నేళ్లకు దాని సంగతే మరిచిపోతారు. ఆ ప్లేటు ఉన్న వైపు పరికరం పెట్టే ముందు ఆపరేషన్ చేసిన వైద్యుడిని అడగండి. పన్నుకు లోహపు పూత, క్యాపు ఉన్నవారికి కింది దవడ మీద జరిపినప్పుడు నోట్లో ఇనుము రుచి, పంటిలో జివ్వుమనడం కలుగుతాయి. అది ప్రమాదకరం కాదు గానీ, ఆ చోటును వదిలేయాలి. బొటాక్స్, ఫిల్లరు వేయించుకొన్నవారు ఎన్నాళ్లు ఆగాలో వేసిన వైద్యుడే చెప్పాలి.

ఎవరు వాడకూడదో చెప్పాను. ఎక్కడ వాడకూడదన్నది అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది అందరికీ వర్తిస్తుంది. దవడ కింద, మెడకు ఇరుపక్కలా వేలు పెడితే నాడి గట్టిగా తగిలే చోటు ఒకటి ఉంది. అక్కడ కెరోటిడ్ సైనస్ అనే భాగం రక్తపోటును కనిపెట్టి మెదడుకు తెలుపుతూ ఉంటుంది. దాన్ని నొక్కినా, కరెంటుతో ప్రేరేపించినా కొందరిలో గుండె వేగం, రక్తపోటు ఉన్నట్టుండి పడిపోయి కళ్లు తిరగవచ్చు. మెడ ముందుభాగంలో థైరాయిడ్ గ్రంథి, స్వరపేటిక ఉన్నాయి. టెన్స్ ప్యాడ్లను మెడ ముందు అంటించవద్దని మాకు చెప్పడానికి కారణం, స్వరపేటిక కండరాలు బిగుసుకొని ఊపిరి ఇబ్బంది కావచ్చుననే భయమే. మైక్రోకరెంట్ దానికన్నా చాలా చిన్నదైనా, మెడ మీది ముడతల కోసం ఈ చోటునే ఎంచుకొని గట్టిగా రుద్దే వీడియోలు ఫోన్లో తిరుగుతున్నాయి గనక ప్రత్యేకంగా చెబుతున్నాను. కంటి విషయమూ అంతే. కనురెప్ప మీద, కంటి గుంట లోపల వాడరాదు. ఎముక అంచు మీదే ఆగాలి. కంటికి దగ్గరగా జరిపినప్పుడు మూసిన కళ్ల ముందు మెరుపులు మెరిసినట్లు కనిపించడం కరెంటు కంటి లోపలి తెరను తాకుతోందనడానికి గుర్తు. కొందరు దాన్ని పని చేస్తోందనడానికి గుర్తనుకొని ఇంకాస్త పెంచుతారు.

చర్మం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో నిజంగా ఎక్కువగా జరిగే హాని ఇక్కడే ఉంది. పొడి చర్మం కరెంటును బాగా అడ్డుకొంటుంది, తడి చర్మం దారి ఇస్తుంది. జెల్ ఉండేది ఆ దారిని గుండు కింద అంతటా సమానంగా పరచడానికి. మన కర్నూలు ఎండలకు, ఫ్యాను కింద కూర్చొంటే రాసుకొన్న జెల్ నిమిషాలలో ఆరిపోతుంది. ఆరినచోట గుండుకూ చర్మానికీ మధ్య తాకిడి ఒక చుక్కంత మిగిలి, కరెంటంతా ఆ చుక్క గుండానే దూరి సూది గుచ్చినట్లవుతుంది, తరువాత ఎర్రబడుతుంది. జెల్ ఖరీదెక్కువని కొబ్బరినూనె రాసి వాడేవారు ఉన్నారు. నూనెలో కరెంటు పారదు. ఏమీ తెలియడం లేదని అంచెలంచెలుగా పెంచుకొంటూ పోతారు, చెమటతోనో నీటితోనో నూనె పొర చెదిరిన చోట అదంతా ఒక్కసారిగా తగులుతుంది. పెరటి కలబంద గుజ్జు కొంత నయం కానీ, ఆకు కోసినప్పుడు కారే పసుప్పచ్చ రసాన్ని పూర్తిగా కడగకపోతే అది కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది. కొన్న జెల్ లోని పరిమళ ద్రవ్యాలు, నిల్వ ఉంచే రసాయనాలు పడని చర్మాలూ ఉంటాయి. గుండ్లకు వేసిన పూత అరిగి, కింది నికెలు బయటపడితే, గిల్టు కమ్మలు పెట్టుకొంటే చెవులు పుండ్లు పడేవారికి ముఖం మీదా అదే జరుగుతుంది.

కరెంటు ఒకే దిశలో పారితే మరో చిక్కు ఉంది. చర్మం మీది చెమటలో ఉప్పు ఉంటుంది. ఒకే దిశ కరెంటు దాన్ని విడగొట్టి, ఒక ధ్రువం కింద క్షారాన్ని, మరో ధ్రువం కింద ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఇలా ఒకే దిశలో పారే గాల్వానిక్ కరెంటుతో పనిచేసే మాకు ఇది బాగా తెలిసిన సంగతే: ప్యాడు సరిగా తడపకపోతే, సమయం మించితే, పైకి వేడి తెలియకుండానే చర్మం కాలుతుంది. మంచి పరికరాలలో దిశను క్షణక్షణానికీ మార్చి దీన్ని నివారిస్తారు. చవక నకళ్లలో ఆ ఏర్పాటు ఉందో లేదో పైనుంచి చూసి చెప్పడం మా వల్ల కూడా కాదు.

దీనికి తోడు మన ప్రాంతంలో ఒక దురలవాటు ఉంది. తెల్లబడడానికని మందుల అంగడిలో అడిగి తెచ్చుకొనే గొట్టం మందులలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదంది. అమ్మకాలు ఎలా సాగుతున్నాయో మీకు తెలియనిది కాదు. నెలల తరబడి ఆ మందు రాసిన చర్మం పలచబడి, ఎండ తగిలినా మండుతుంది. దాని మీద కరెంటు పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్లి కుదిరిన ఇళ్లలో ఒకే వారంలో బ్లీచింగు, పీలింగు, థ్రెడింగు, రెటినాల్ క్రీము, పైన ఈ పరికరం, అన్నీ కలిపి చేస్తున్నారు. వీటిలో చర్మాన్ని ఒరిపిడి పెట్టే ఏ పని చేసినా, ఆ ఎరుపు, మంట పూర్తిగా తగ్గేవరకు కరెంటు జోలికి పోవద్దు. మన చామనఛాయ చర్మంలో చిన్న మంటైనా మానిన తరువాత నల్లమచ్చ మిగిల్చి పోతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది.

స్పర్శ గురించి ఒక పాత సంగతి. ముఖ కండరాలకు కరెంటు పెట్టి ఏ కండరం ఏ భావాన్ని పలికిస్తుందో మొదట వివరంగా చూపినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు దుషెన్. 1862లో ఛాయాచిత్రాలతో సహా ఆ పరిశీలనలను ప్రచురించాడు. ఆయన వాడిన కరెంటు ఇప్పటి మైక్రోకరెంట్ కన్నా ఎంతో బలమైనది. ఆ చిత్రాలలో ఎక్కువసార్లు కనిపించే ముసలాయన ముఖానికి స్పర్శ లేదు, అందుకే అంత కరెంటును ఓర్చుకోగలిగాడు. శాస్త్రానికి అది వరమయ్యింది గానీ, ఇంట్లో అదే శాపమవుతుంది. ముఖపక్షవాతం తరువాతనో, పంటి ఆపరేషన్ తరువాతనో, కుష్ఠు వచ్చి తగ్గిన తరువాతనో చర్మంలో కొంత భాగం మొద్దుబారి ఉన్నవారికి ఎక్కువైందని తెలియజేసే నొప్పే ఉండదు. మేము దూదితో, గుండుసూది మొనతో తాకి చూసి, రెండింటికీ తేడా తెలుస్తోందని తేలాకే కరెంటు పెడతాము. మీరూ ఇంట్లో దూదితో ఆ పరీక్ష చేసుకోవచ్చు.

ముఖపక్షవాతం మాట వచ్చింది గనక ఇది చెప్పి తీరాలి. పొద్దున్నే అద్దంలో చూసుకొంటే మూతి ఒక పక్కకు లాగి, ఒక కన్ను మూతపడకపోతే, ఈ పరికరంతో సరిచేసుకోవచ్చని ఎవరో చెప్పగా ప్రయత్నించేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. అది ముఖ నరం దెబ్బతినడం వల్ల వచ్చే బెల్స్ పాల్సీ అయితే మొదటి 72 గంటలలో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కోలుకొనే అవకాశం పెరుగుతుంది, మూతపడని కంటిని కాపాడుకోవాలి. మూతి వంకరతో పాటు చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా అది మెదడు పోటు, అంటే స్ట్రోక్, కావచ్చు. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షనుకు ఉన్న వ్యవధి నాలుగున్నర గంటలే. పెద్దాసుపత్రికి పరుగెత్తవలసిన సమయమది. బెల్స్ పాల్సీకి కరెంటు పెట్టాలా వద్దా అన్నదాని మీద మా వృత్తిలోనే ఏకాభిప్రాయం లేదు.

చార్జరు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ప్రాణం మీదికి రాగల ప్రమాదం ఉన్నది ఇక్కడే. చార్జింగులో ఉన్న ఫోను వెనక రేకును తడితే సన్నగా చర్రుమనడం మీలో చాలామందికి అనుభవమే. మంచి చార్జరులో అలా బయటికి కారే కరెంటుకు ప్రమాణాల ప్రకారం హద్దు ఉంటుంది. నాసిరకం చార్జరులో 230 వోల్టుల వైపుకూ మీ చేతి వైపుకూ మధ్య ఉండవలసిన ఎడం, అట్ట, పూత ఏవీ సరిగా ఉండవు. తడి చర్మం అడ్డు వెయ్యి ఓముల ప్రాంతానికి దిగిపోతుంది. అప్పుడు లెక్క ప్రకారం 230 మిల్లీ ఆంపియర్లు పారగలవు, పది మిల్లీ ఆంపియర్లకే పట్టిన చేతిని విడిపించుకోవడం కష్టమవుతుంది. మన సీమ ఎండు నేలలో ఎర్త్ గుంతకు ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తూ ఉండవలసిన సంగతి మీకు తెలుసు, కానీ రెండు పిన్నుల చార్జరుకు ఎర్త్ ఎలాగూ ఉండదు, దాని లోపలి ఇన్సులేషనే సమస్తం. పేరున్న తయారీదారులు తీగ గుచ్చి ఉండగా పరికరం పనిచేయకుండా చేస్తారు. మీ పరికరం చార్జింగులో ఉండగా కూడా ముఖం మీద పనిచేస్తుంటే దాన్ని వాడడం మానండి. చార్జరు మీద భారత ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో చూడండి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

పెట్టె మీది మాటలలో జనాన్ని ఎక్కువగా మోసం చేసేది ఎఫ్.డి.ఏ. అన్న మూడు అక్షరాలు, అంటే మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ పేరు. అమెరికాలో ఇటువంటి కొన్ని పరికరాలకు 510(కె) అనే పద్ధతిలో అనుమతి ఉన్న మాట నిజం. ఆ పద్ధతిలో చూసేది, ఇప్పటికే మార్కెట్లో ఉన్న మరో పరికరానికి ఇది భద్రతలో, పనితీరులో సమానమా అన్నదే. ముడతలు పోతాయని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. ఇక తమ కర్మాగారం పేరును అక్కడ నమోదు చేయించుకొని, ఎఫ్.డి.ఏ. రిజిస్టర్డ్ అని ముద్రించుకొనేవారికి ఆ పాటి పరిశీలన కూడా జరిగి ఉండదు. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు ఉన్నాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. చికిత్స మాట ఎత్తకుండా సౌందర్య సాధనంగా అమ్మితే ఆ గడప దాటకుండానే తిరగవచ్చని అమ్మేవాళ్లకు తెలుసు. కనీసం దిగుమతి చేసినవారి పేరు, చిరునామా, తయారైన దేశం, ఫిర్యాదుకు ఫోను నంబరు పెట్టె మీద లేని వస్తువును కొనవద్దు.

ఇప్పుడే ఒక తల్లి అడిగారు: "కూతురు ఇప్పటికే కొనేసింది మేడమ్, పారేయమంటారా?" పారేయనక్కర్లేదమ్మా. ముందు నేను చెప్పిన ప్రశ్నలు మీ అమ్మాయిని అడగండి. ఒక్కదానికి అవునన్నా వైద్యుడిని కలిసేదాకా పక్కన పెట్టించండి. అన్నీ లేవంటే, చార్జింగు తీగ తీసేసి, చెవి ముందు చిన్న చోట జెల్ ఒత్తుగా రాసి, అన్నింటికన్నా తక్కువ స్థాయిలో ఒక నిమిషం పెట్టి, మర్నాటిదాకా ఆగి చూడమనండి. ఎరుపు, దురద లేకుంటే కాగితంలో రాసినంత సేపే, మెడ ముందుభాగం, కళ్లు వదిలేసి వాడుకోవచ్చు. తలనొప్పి, కళ్లు తిరగడం, కండరం అదరడం, గుండె దడ ఏది వచ్చినా ఆపేయాలి. చర్మం కాలినా, బొబ్బ లేచినా చల్లని నీటితో కడిగి, ఫోటో తీసుకొని, చర్మ వైద్యుడికి చూపించండి. మన సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వైద్య పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేయడానికి 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది, దానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. వస్తువు నాసిరకమని తేలితే వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఫోను చేసేటప్పుడు పెట్టె, బిల్లు దగ్గరుంటే పని త్వరగా అవుతుంది, కాబట్టి ఆ అట్టపెట్టెను మాత్రం పారేయకండి.